ఆట మధ్యలో ఆరిపోయే గేమింగ్ ల్యాప్‌టాప్: మూత విప్పే ముందు చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

గేమ్ ఆడుతుండగా ల్యాప్‌టాప్ ఠక్కున ఆరిపోతే చాలామంది నేరుగా స్క్రూడ్రైవర్ అందుకుంటారు. వేడే కారణం, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని హీట్‌సింక్ అనే లోహపు భాగానికి అందించే పూత) మార్చేస్తే సరి అన్నది లెక్క. సగం సందర్భాల్లో ఈ లెక్క తప్పుతుంది. ప్రాసెసర్ వేడెక్కినంత మాత్రాన మెషీన్ ఆరిపోదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు ఎక్కువగా 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ చిప్‌లు 95 నుంచి 105 డిగ్రీల మధ్య తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇదే థ్రాట్లింగ్. అప్పుడు ఫ్రేములు పడిపోతాయి, గేమ్ నత్తనడక నడుస్తుంది, కానీ మెషీన్ ఆన్‌లోనే ఉంటుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కోసేసే హద్దు ఇంకా చాలా పైన ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతూ, హీట్‌సింక్ సరిగ్గా ఆనుకుని ఉన్నంతవరకూ అక్కడిదాకా వెళ్లడం కష్టం.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆరిపోతున్నది వేడి వల్లా, పవర్ వల్లా?

ఎలా ఆరిపోతోందో గమనించండి

తెర, ఫ్యాన్లు, కీబోర్డ్ లైట్లు అన్నీ ఒకే క్షణంలో ఆరిపోతే పవర్ సర్క్యూట్ ఎక్కడో రక్షణ కోసం తెగిందని అర్థం. అడాప్టర్, బ్యాటరీ, చార్జింగ్ జాక్, మదర్‌బోర్డు మీది వోల్టేజ్ రెగ్యులేటర్లు ఈ నాలుగూ అనుమానితులే. తెర మాత్రమే నల్లబడి, ఫ్యాన్లు హోరెత్తుతూ, గేమ్ శబ్దం కాసేపు వినిపిస్తే గ్రాఫిక్స్ చిప్ చేతులెత్తేసింది. నీలి తెర వచ్చి రీస్టార్ట్ అయితే డ్రైవర్, ర్యామ్, లేదా మీరే చేసిన అండర్‌వోల్ట్ (చిప్‌కు అందే వోల్టేజ్‌ను తగ్గించడం) వైపు చూడండి. విండోస్ మర్యాదగా ప్రోగ్రాములు మూసుకుని షట్‌డౌన్ అయితే అది సెన్సర్ చెప్పిన మాట విని చేసిన పని. ఇది నిజంగా వేడి కేసు కావచ్చు, బ్యాటరీ అడుగంటడం కూడా కావచ్చు.

తర్వాత విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లి ఆరిపోయిన సమయం దగ్గర చూడండి. కెర్నల్ పవర్ 41 కనబడుతుంది. అది చూసి కంగారు పడొద్దు, సంబరపడనూ వద్దు. పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ ఆన్ అయింది అని తప్ప అది ఇంకేమీ చెప్పదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే పవర్ పోయింది లేదా మెషీన్ బిగుసుకుపోయింది. వేరే సంఖ్య ఉంటే నీలి తెర పడింది. అసలు విలువైనవి దాని చుట్టుపక్కల ఉంటాయి. కెర్నల్ పవర్ 86 ఉంటే వేడి ప్రమాద స్థాయికి చేరి షట్‌డౌన్ చేశానని విండోస్ స్వయంగా ఒప్పుకున్నట్టే. కెర్నల్ ప్రాసెసర్ పవర్ 37 అంటే ఫర్మ్‌వేర్ ప్రాసెసర్ వేగాన్ని తొక్కిపెట్టింది. డిస్‌ప్లే 4101 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడి లేచింది. ఎర్రర్‌గా వీయా లాగర్ (WHEA-Logger) 18 ఉంటే హార్డ్‌వేరే తప్పు దొర్లిందని చెబుతోంది. అండర్‌వోల్ట్ చేసి ఉంటే ముందు దాన్ని తీసేయండి.

చివరి నిమిషం అంకెలు పట్టుకోండి

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను సెన్సర్స్ మోడ్‌లో తెరిచి, అప్‌డేట్ వ్యవధిని 1 సెకనుకు తగ్గించి, లాగింగ్ ఆన్ చేసి గేమ్ మొదలుపెట్టండి. ఆరిపోయాక మళ్లీ ఆన్ చేసి ఆ సీఎస్‌వీ ఫైలు చివరి వరుసలు చూడాలి. కరెంటు పోయిన క్షణానివి ఒకటి రెండు వరుసలు మిస్ కావచ్చు, ఫర్వాలేదు. చూడాల్సినవి: సీపీయూ ప్యాకేజ్ (ప్రాసెసర్) ఉష్ణోగ్రత, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉష్ణోగ్రత, రెండింటి వాట్లు, ఫ్యాన్ల ఆర్‌పీఎం, బ్యాటరీ చార్జ్ రేటు.

చివరి వరుసలో ప్రాసెసర్ 72, జీపీయూ 68 ఉండి మెషీన్ ఆరిపోయిందంటే పేస్ట్ జోలికి వెళ్లకండి, అది పవర్ సమస్య. ప్రాసెసర్ పది నిమిషాలుగా 98 దగ్గర అంటుకుపోయి, ఒక ఫ్యాన్ ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే వేడి సమస్యే.

టైమింగ్ కూడా సాక్ష్యమే. వేడి కేసులో ఆరిపోయిన వెంటనే ఆన్ చేసి గేమ్ పెడితే రెండోసారి ఇంకా త్వరగా ఆరిపోతుంది, ఎందుకంటే లోహం ఇంకా చల్లారలేదు. పక్కన పెద్ద ఫ్యాన్ పెట్టి వెనక భాగం ఎత్తితే ఎక్కువసేపు నిలుస్తుంది. పవర్ కేసులో ఈ రెండూ జరగవు. లోడింగ్ తెర నుంచి గేమ్‌లోకి దూకే క్షణంలో, అంటే వాట్లు ఒక్కసారి ఎగిరినప్పుడు, ఎక్కువగా పోతుంది.

అనుమానం ఇంకా మిగిలితే భాగాలను విడదీసి పరీక్షించండి. సినీబెంచ్ అనే పరీక్షా ప్రోగ్రామ్‌లో మల్టీకోర్ పది నిమిషాలు ప్రాసెసర్‌ను మాత్రమే కాలుస్తుంది. ఫర్‌మార్క్ అనే మరో ప్రోగ్రామ్ పది నిమిషాలు జీపీయూను మాత్రమే. విడివిడిగా రెండూ గట్టెక్కి, కలిపి నడిపితే ఆరిపోతే అడాప్టరో బ్యాటరీయో ఆ మొత్తం భారం మోయలేకపోతోంది. ఫర్‌మార్క్ మామూలు గేమ్ కంటే కఠినం, కాబట్టి గంటల తరబడి నడపకండి.

పవర్ వైపు

అడాప్టర్ లేబుల్ మీద అవుట్‌పుట్ వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి: 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అంటే 230 వాట్లు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ 230 అయితే దాని బదులు 180ది పెట్టకూడదు. టైప్‌-సీ పోర్టులో 65 లేదా 100 వాట్ల చార్జర్ పెట్టి భారీ గేమ్ ఆడటం అయితే కోరి తెచ్చుకున్న తిప్పలే. కొన్ని బ్రాండ్లలో జాక్ మధ్య పిన్ ద్వారా అడాప్టర్ తన గుర్తింపు చెబుతుంది; ఆ పిన్ వంగినా, చౌక నకిలీ అడాప్టర్ పెట్టినా ల్యాప్‌టాప్ నమ్మదు, వేగాన్ని బిగించేస్తుంది.

అడాప్టర్ మీది చిన్న లైట్‌ను గమనించండి. ల్యాప్‌టాప్ ఆరిపోయినప్పుడే అదీ ఆరిపోయి, గోడ ప్లగ్ తీసి కాసేపాగి పెడితేనే మళ్లీ వెలిగితే అడాప్టర్ తన ఓవర్‌లోడ్ రక్షణలోకి వెళ్లింది. ఎక్స్‌టెన్షన్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి, అయినా అంతే అయితే అడాప్టర్ మార్చాలి.

బ్యాటరీని చాలామంది లెక్కలోకే తీసుకోరు, ఎప్పుడూ చార్జింగ్‌లోనే కదా ఆడేది అని. కానీ చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో అడాప్టర్ సామర్థ్యానికి మించి వాట్లు ఎగిరిన క్షణాల్లో మిగతాది బ్యాటరీ ఇస్తుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో చార్జర్ పెట్టి ఉన్నా చార్జ్ రేటు మైనస్‌లో కనబడేది అందుకే. బ్యాటరీ ముసలిదై అంతర్గత నిరోధం పెరిగితే ఆ క్షణంలో వోల్టేజ్ కుంగిపోయి మొత్తం ఆరిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కు బ్యాటరీ రిపోర్ట్ ఆప్షన్ చేర్చి (powercfg /batteryreport) నడిపితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీతో ఫుల్ చార్జ్ కెపాసిటీని పోల్చండి. సగానికి దగ్గరగా పడిపోయి ఉంటే దాన్నే మొదటి ముద్దాయిగా నిలబెట్టండి. బ్యాటరీ కనెక్టర్ తీసేసి అడాప్టర్ మీదే ఆడి చూడమనే సలహా వినబడుతుంటుంది. దాని ఫలితం నమ్మదగ్గది కాదు: కొన్ని మోడళ్లు అసలు ఆన్ కావు, కొన్ని వేగాన్ని సగానికి కోసేస్తాయి, కొన్ని ఆ కారణంగానే ఆరిపోతాయి.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు మూత బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బింది. ఇక పరీక్షలు ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, నొక్కి సరిచేయొద్దు.

వేడి వైపు: దుమ్మా, పేస్టా?

లోడ్ పడిన రెండు మూడు సెకన్లలోనే ప్రాసెసర్ 50 నుంచి 95కి ఎగిరి, లోడ్ తీయగానే అంతే వేగంగా దిగితే, బయటికొచ్చే గాలి పెద్ద వేడిగా లేకపోతే, చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడి అందడం లేదు. అది పేస్ట్ లోపం. అలాకాకుండా ఐదు పది నిమిషాల్లో నెమ్మదిగా పైకి పాకి, గాలి వేడిగానే ఉన్నా బలహీనంగా వస్తుంటే హీట్‌సింక్ పలుచటి రేకుల్లో, అంటే ఫిన్లలో, దుమ్ము పేరుకుంది. కోర్ల మధ్య తేడా 15 డిగ్రీలు దాటినా, జీపీయూ హాట్ స్పాట్ సగటు కంటే 25 డిగ్రీలు పైన ఉన్నా హీట్‌సింక్ ఒకవైపు సరిగ్గా ఆనలేదు.

దుమ్ము అనగానే ఫ్యాన్ రెక్కలు గుర్తొస్తాయి. అసలు అడ్డంకి మాత్రం ఫ్యాన్‌కూ రాగి ఫిన్లకూ మధ్య దుప్పటిలా పరుచుకున్న పొర. బయటి నుంచి గాలి కొడితే అది కాస్త కదిలి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అందుకే మూత విప్పాలి.

షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. చార్జర్ తీసేయండి. స్క్రూలు ఒకే పొడవుండవు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చిపెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పెడితే కీబోర్డ్ వైపు పొడుచుకొస్తుంది. మూతను ప్లాస్టిక్ కార్డుతో మాత్రమే లేపండి. లోపల మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని, గాలి బయటికొచ్చే దారి వైపు నుంచి లోపలికి కంప్రెస్డ్ ఎయిర్ చిన్న చిన్న దఫాలుగా కొట్టండి. ఆపకపోతే ఫ్యాన్ మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ భయం. పొర గట్టిపడి ఉంటే ఫ్యాన్ స్క్రూలు తీసి మెత్తని బ్రష్‌తో లాగేయండి.

పేస్ట్ మార్చడం

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అంకెలు చెక్కి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో, విప్పేటప్పుడు దానికి వెనక వరుసలో, ఒక్కోదాన్ని కొంచెం కొంచెం తిప్పాలి. పాత పేస్ట్‌ను 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డతో తుడవండి. లోపల వెండిలా మెరిసే ద్రవం కనబడితే అక్కడే ఆగండి: కొన్ని మోడళ్లకు ఫ్యాక్టరీలోనే లిక్విడ్ మెటల్ వేస్తారు. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది, బొట్టు జారితే బోర్డే పోతుంది.

ల్యాప్‌టాప్ చిప్ మీద లోహపు కప్పు ఉండదు, సిలికాన్ నేరుగా తగులుతుంది. అందువల్ల మధ్యలో బఠాణీ గింజంత పెట్టి వదిలేసే డెస్క్‌టాప్ పద్ధతి ఇక్కడ చెల్లదు. మూలలు తడవకపోతే ఆ మూలే కాలుతుంది. చిప్ మొత్తం మీద పలుచగా, ఖాళీ లేకుండా పరచండి. పల్చటి పేస్టులు వేడి, చల్లదనం మార్పులకు కొన్ని నెలల్లోనే అంచులకు జారిపోతాయి, కాబట్టి చిక్కటివే ఎంచుకోండి. ఇంకా మేలైనది హనీవెల్ పీటీఎం 7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కు అతుక్కుంటుంది, జారిపోదు. చిప్ సైజుకు కత్తిరించి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ప్లాస్టిక్ పొర సులువుగా ఊడుతుంది. మొదటి కొన్ని వేడి చక్రాల తర్వాతే దాని పూర్తి ఫలితం కనబడుతుంది.

థర్మల్ ప్యాడ్లు బాగుంటే కదిలించకండి. మెమరీ, వోల్టేజ్ రెగ్యులేటర్ల మీద ఉండే ఈ ప్యాడ్ల మందం ఒక్కోచోట ఒక్కోలా, 0.5 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. 1 ఉన్నచోట 1.5 పెడితే హీట్‌సింక్ పైకి లేచి అసలు చిప్‌నే తాకదు, మొదటికే మోసం. చిరిగినవాటి మందం తెలియకపోతే థర్మల్ పుట్టీ వాడండి, నొక్కిన మేరకు అదే సర్దుకుంటుంది. పేస్ట్ మార్చాక మెషీన్ ముందు కంటే వేడెక్కితే నూటికి తొంభై పాళ్లు ప్యాడ్ల దగ్గరే చూసుకోవాలి.

సెట్టింగులతో తగ్గే వేడి

ఫ్రేములను తెర రిఫ్రెష్ రేటుకు కట్టేయడం అన్నింటికంటే సులువైన మందు. పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేస్తే టర్బో (ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకోవడం) ఆగి ప్రాసెసర్ బాగా చల్లబడుతుంది; ఎక్కువ గేముల్లో తేడా మీరు ఊహించినంత ఉండదు. ఇదే మంచి పరీక్ష కూడా: టర్బో ఆపగానే ఆరిపోవడం మాయమైతే సమస్య లోడ్‌తో ముడిపడిందని తేలినట్టే. జీపీయూకు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి వచ్చే గ్రాఫ్‌లో 850 మిల్లీవోల్టుల దగ్గర్నుంచి గీతను చదును చేయండి. ప్రాసెసర్ అండర్‌వోల్ట్ అయితే 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ మోడళ్లలో బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) నుంచే మూసేశారు. తెరిచి ఉన్నవాటిలో 10 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకుంటూ పోండి.

బోర్డు దగ్గర ఆగినప్పుడు

బయాస్ తెరలోనే అరగంట వదిలి చూడండి. అక్కడా ఆరిపోతే విండోస్, డ్రైవర్లు, గేమ్ అన్నీ నిర్దోషులే. చార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని ఎంబెడెడ్ కంట్రోలర్‌ను (పవర్, ఫ్యాన్లను చూసుకునే చిన్న చిప్) రీసెట్ చేసి మరొక్కసారి ప్రయత్నించండి. మంచి అడాప్టర్, మంచి బ్యాటరీ, 70ల్లో ఉష్ణోగ్రత ఉన్నా ఆరిపోతూనే ఉంటే వోల్టేజ్ రెగ్యులేటర్‌లోనో చార్జింగ్ సర్క్యూట్‌లోనో లోపం ఉంది. అది మల్టీమీటర్, మైక్రోస్కోప్ ఉన్నవాళ్ల పని. ఇచ్చేటప్పుడు లాగ్ ఫైలు, ఈవెంట్ వ్యూయర్ నంబర్లు, ఏ పరీక్షలో ఎన్ని నిమిషాలకు ఆరిపోయిందో రాసిన కాగితం కలిపి ఇవ్వండి. ‘వేడెక్కి ఆగిపోతోంది’ అని మాత్రం చెబితే వాళ్లు కూడా పేస్ట్ మార్చి పంపేస్తారు.