ఒకే స్ట్రీమ్: చూడటానికీ, దాచుకోవడానికీ

గోదాము కెమెరా దృశ్యం మా సొంత డెస్క్‌టాప్ అప్లికేషన్‌లోనే కనిపించాలి, మీట నొక్కితే రికార్డు కావాలి. నాకు అప్పగించిన పని ఇంతే. పైథాన్ భాష, విండోలు కట్టే పైక్యూటీ, వీడియో ఆడించే లిబ్‌వీఎల్‌సీ లైబ్రరీలతో మొదలుపెట్టాను.

వీడియో మన విండోలో ఇమడకుండా వేరే విండోగా తెరుచుకునేది. ప్లే చేయడానికి ముందే మన విడ్జెట్ (విండోలో వీడియోకు కేటాయించిన భాగం) విండో ఐడీని ప్లేయర్‌కు అందిస్తే ఆ గొడవ తీరింది. దృశ్యం అడుగున ఆకుపచ్చ మరకలు పడుతుంటే, కెమెరా వీడియోను అందించే ఆర్‌టీఎస్‌పీని, దారిలో పోయిన ప్యాకెట్లను పట్టించుకోని యూడీపీ నుంచి, వాటిని మళ్లీ పంపే టీసీపీకి మార్చాను.

అసలు చిక్కు రికార్డింగ్‌దే. చూడటానికి ఒక కనెక్షన్ ఉండగా, రికార్డింగ్ కోసం రెండోది ఇవ్వడానికి చౌక కెమెరాలు మొరాయిస్తాయి. అందుకే లిబ్‌వీఎల్‌సీ స్ట్రీమ్ అవుట్‌పుట్‌లో, వచ్చిన వీడియోను రెండుగా పంచే 'డూప్లికేట్' ఆప్షన్ పెట్టి, ఒక పాయను తెరకు, మరో పాయను ఫైలుకు మళ్లించాను. ఈ ఆప్షన్ ప్లేకు ముందే మీడియాకు తగిలించాలి. కాబట్టి మీట నొక్కినప్పుడు ప్లేయర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, తెర క్షణంపాటు నల్లబడుతుంది. గోదాముకు అది చాలు, పెళ్లి వీడియో కాదు కదా!

మధ్యలో కరెంటు పోతే మాత్రం మొదటికే మోసం. మామూలు ఎంపీ4, ఏ దృశ్యం ఫైలులో ఎక్కడుందో చెప్పే తన సూచికను ఫైలు మూసేటప్పుడు రాస్తుంది. అది లేకపోతే గంటల రికార్డింగ్ ఉన్నా ప్లేయర్ తెరవదు. టీఎస్ (ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్) ఫార్మాట్‌లో సమాచారం 188 బైట్ల ప్యాకెట్లుగా పడుతుంది కనుక తెగిన చోటి వరకూ ఆడుతుంది. అదే ఖాయం చేశాను. ఎంపీ4 కావాలన్నవారికి తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనంతో, కాపీ పద్ధతిలో మార్చి ఇస్తున్నాను. మళ్లీ ఎన్‌కోడింగ్ ఉండదు, నాణ్యత తగ్గదు.