సైలెన్సర్ మార్పు, డైనో ట్యూనింగ్: బండి బలాన్ని కొలిచి పెంచుకునే పద్ధతి

కొత్త సైలెన్సర్ బిగించిన రోజు ప్రతి బండీ పరుగెత్తినట్లే అనిపిస్తుంది. శబ్దం పెరిగితే వేగమూ పెరిగిందని చెవి నమ్మేస్తుంది కాబట్టి, పెట్టిన డబ్బుకు నిజంగా ఎంత బలం వచ్చిందో తెలియాలంటే కొలత ఒక్కటే దారి. ఆ కొలత తీసే యంత్రమే డైనమోమీటర్; వాడుకలో డైనో అంటారు. నల్లగొండ నుంచి ఈ పని మీద నేను హైదరాబాద్‌కే వెళ్ళాను. నూరు కిలోమీటర్ల దారి, ఒక పూట పని. చాలామంది సైలెన్సర్ బిగించుకున్న తర్వాత డైనోకు వెళ్తారు, అదే మొదటి పొరపాటు. కంపెనీ సైలెన్సర్‌తో ఒకసారి, మార్చిన తర్వాత అదే యంత్రం మీద మరొకసారి కొలిపిస్తేనే తేడా అన్నది తెలుస్తుంది.

డైనో పని చేసే తీరు తెలిస్తే వచ్చే కాగితాన్ని చదవడం సులువు. వెనుక చక్రాన్ని బరువైన ఉక్కు రోలర్ మీద నిలిపి, ముందు చక్రాన్ని బిగించి, బండిని రెండు వైపులా బెల్టులతో కట్టి, పూర్తి థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇస్తారు. రోలర్ బరువు ముందే తెలుసు కనుక అది ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి కంప్యూటర్ లెక్క కడుతుంది. టార్క్‌ను, అంటే మెలితిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్పీఎంతో (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లతో) గుణించి, 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి; దాన్ని మళ్ళీ 0.746తో భాగిస్తే హార్స్ పవర్. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350నే తీసుకుందాం. కంపెనీ లెక్క ప్రకారం 4,000 ఆర్పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్, 6,100 దగ్గర 20.2 హార్స్ పవర్. 4,000 దగ్గర పవర్ ఎంతో లెక్క కట్టి చూస్తే 15 మాత్రమే వస్తుంది. 6,100 దగ్గర టార్క్ ఎంతో వెనక్కి లెక్కిస్తే 23.6కు పడిపోయి ఉంటుంది. అంటే టార్క్ తగ్గుతున్నా పవర్ పెరుగుతూనే పోతుంది. నార్కట్‌పల్లి దాటి అరవైలో లారీ వెనుక వెళ్తూ గేరు మార్చకుండా ముందుకు దూకాలనుకునేవారికి కావలసింది 4,000 దగ్గరి బలం, కాగితం మీది గరిష్ఠ సంఖ్య కాదు. మీకు ఏది కావాలో డైనో దగ్గర ఇంజనును సరిచేసే ట్యూనర్‌కు ముందే చెప్పండి.

అదే బండిని డైనో ఎక్కిస్తే 20.2 రాదు, 17 లేదా 18 దగ్గర ఆగుతుంది. కంగారు పడవలసిన పని లేదు. కంపెనీ చెప్పేది క్రాంక్ (ఇంజను లోపలి ఇరుసు) దగ్గరి బలం, డైనో చూపేది చక్రం దగ్గరిది. గేర్‌బాక్సు, చైను, టైరు కలిసి సుమారు 10 నుంచి 15 శాతం తినేస్తాయి. దీనికంటే జాగ్రత్తగా చూడవలసినది వాతావరణ సవరణ. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు తాకినప్పుడు గాలి పలచబడి, 25 డిగ్రీల గాలితో పోలిస్తే దాదాపు 6 శాతం తక్కువ చిక్కగా ఉంటుంది. ఆ తేడాను సరిచేసి చూపడానికి డైనోలో సవరణ పద్ధతులు ఉంటాయి. ఎస్‌ఏఈ పద్ధతి 25 డిగ్రీల గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది; ఎస్‌టీడీ అనే పాత పద్ధతి అంతకంటే చల్లని, చిక్కని గాలిని ప్రమాణంగా తీసుకోవడం వల్ల అదే బండికి సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. ఇరవై హార్స్ పవర్ బండి మీద 4 శాతమంటే 0.8. ఒక్క చివరి సైలెన్సర్ మార్చితే వచ్చే లాభం కూడా చాలా బండ్లలో అంతే ఉంటుంది! కాబట్టి ముందూ తర్వాతా ఒకే సవరణ, ఒకే గేరు, ఒకే టైరు గాలి ఉండేటట్లు చూసుకుని, కాగితం మీద సవరణ పేరు రాసి ఉందో లేదో గమనించండి.

డైనోకు తీసుకువెళ్ళే ముందు బండిని మామూలు సర్వీసు స్థితికి తేవాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక దుమ్ములో రోజూ తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్‌ను ఒకసారి విప్పి చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. నా అనుభవంలో బలం తగ్గిందని వచ్చిన బండ్లలో చాలావాటికి కొత్త ఫిల్టరు, కొత్త ప్లగ్గు, సరైన వాల్వు క్లియరెన్సు, సరిగ్గా బిగించిన చైను తప్ప వేరే మందు అవసరం పడలేదు. క్లచ్ ప్లేట్లు జారుతున్నాయేమో కూడా ముందే చూసుకోవాలి. జారితే ఆర్పీఎం లేస్తుంది కానీ రోలర్ వేగం లేవదు, కాగితం మీద గీత వంకరలు పోతుంది.

ఇక సైలెన్సర్ సంగతి. ఇంజనుకు వెనుక ఒత్తిడి (పొగకు సైలెన్సర్ ఇచ్చే అడ్డు) కొంత ఉండాలని మెకానిక్కులు చెప్పే మాట సగమే నిజం. కావలసింది ఒత్తిడి కాదు, పొగ వేగం, ఒత్తిడి అల తిరిగి వచ్చే సమయం. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే బయటికి దూసుకుపోయే పొగ, పైపులో ఒక ఒత్తిడి అలను పుట్టిస్తుంది. పైపు వెడల్పయ్యే చోట ఆ అల తక్కువ ఒత్తిడిగా మారి వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉండే ఆ క్షణంలో అది వాల్వు దగ్గరికి చేరితే మిగిలిన పొగను లాగేసి కొత్త మిశ్రమానికి చోటు చేస్తుంది. ముందు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా ఉపయోగం తగ్గిపోతుంది. బెండ్ పైపు (ఇంజను నుంచి సైలెన్సర్ వరకు వంగి వచ్చే గొట్టం) పొడవు, లోపలి వ్యాసం నిర్ణయించేది ఈ సమయాన్నే. మరీ లావు పైపు వేస్తే పొగ నెమ్మదించి కింది ఆర్పీఎంలో పికప్ పోతుంది, పైన మాత్రం కొద్దిగా పెరుగుతుంది. మన ఊళ్ళల్లో ఇంకా తిరుగుతున్న ఆర్ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బండ్లకు ఈ విషయం మరింత కీలకం. వాటి సైలెన్సర్‌లోని ఉబ్బెత్తు గది బయటికి పోబోయే కొత్త మిశ్రమాన్ని తిరిగి సిలిండర్లోకి నెడుతుంది కాబట్టి, దాన్ని కోసి శబ్దం పెంచుకున్నవారు బలాన్ని చేతులారా పోగొట్టుకున్నట్లే.

చివరి సైలెన్సర్ మాత్రమే మార్చడానికీ, బెండ్ పైపుతో సహా మొత్తం మార్చడానికీ తేడా ఉంది. మొదటిదానితో బరువు తగ్గుతుంది, శబ్దం మారుతుంది, బలం పెద్దగా మారదు. రెండవదానితో బలం వస్తుంది, అయితే పెట్రోలు లెక్క కూడా మారాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ స్థిరమైన వేగంలో మిశ్రమాన్ని తనంతట తానే సరిచేసుకుంటుంది. పూర్తి థ్రాటిల్ దగ్గర మాత్రం ఈసీయూ (ఇంజనును నడిపే చిన్న కంప్యూటర్) ఆ సెన్సర్ మాట వినడం మానేసి తనలో ముందే రాసి ఉన్న మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) ప్రకారం పెట్రోలు పోస్తుంది. పొగ మునుపటికంటే తేలికగా పోతూ గాలి ఎక్కువగా లోపలికి వస్తుంటే ఆ పాత మ్యాప్ చాలదు, ఇంజను పెట్రోలు తక్కువై వేడెక్కుతుంది. ఇక్కడే ట్యూనర్ పని మొదలవుతుంది.

అతనితో మాట్లాడేటప్పుడు లాంబ్డా లెక్కలో మాట్లాడండి; గాలి, ఇంధనం కలిసిన తీరు సరైన పాళ్ళకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే సంఖ్య అది. పెట్రోలుకు బరువు లెక్కన 14.7 భాగాల గాలికి ఒక భాగం ఇంధనం సరైన పాళ్ళు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు అది సుమారు 13.5. అంకెలు ఇలా మారుతుంటాయి కానీ లాంబ్డా 1 ఎప్పుడూ సరైన పాళ్ళే; అంతకంటే తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్లు. గరిష్ఠ బలం కోసం పూర్తి థ్రాటిల్‌లో 0.87 నుంచి 0.90 మధ్య ఉంచడం సురక్షితం. ఇగ్నిషన్ టైమింగ్‌ను (ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చే సమయాన్ని) ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ టార్క్ పెరగడం ఆగిన చోట నిలిపి, ఎండాకాలం కోసం ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తీసుకోమని అడగండి. రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్లు చప్పుడు వస్తే అది నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడం. వెంటనే థ్రాటిల్ వదిలేయాలి.

నా బండికి జరిగింది చెబుతాను. ఒక దుకాణంలో కొన్న పూర్తి సిస్టం బిగించుకుని బయలుదేరాను. థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లో పటపటమని పేలుళ్ళు, గడియారం సెంటర్ దగ్గర జనమంతా తిరిగి చూడడం. మ్యాప్ తప్పని అనుకుని డైనో మీద రెండు గంటలు వృథా చేశాక, ట్యూనర్ చల్లని ఇంజను స్టార్ట్ చేయించి, సైలెన్సర్ చివర తడి గుడ్డతో ఒక్క క్షణం మూశాడు. సిలిండర్ హెడ్ దగ్గర ‘ఉస్’ అని సన్నని చప్పుడు. బెండ్ పైపు మూతి దగ్గర పాత ప్యాకింగు తీయకుండానే దాని మీద కొత్తది వేశారు; ఆ సందులోంచి గాలి లోపలికి చేరి సెన్సర్‌ను మోసం చేస్తోంది. కొత్త ప్యాకింగు ఒక్కటే వేసి, రెండు నట్లను కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాక పేలుళ్ళు ఆగిపోయాయి. ఈ తడి గుడ్డ పరీక్ష ఇంట్లోనే చేసుకుని బయలుదేరితే డైనో అద్దె మిగులుతుంది.

డైనో మీద ఒక్క రన్‌తో సరిపెట్టవద్దు. ఆయిల్ పూర్తిగా వేడెక్కాక, ముందు పెద్ద ఫ్యాను పెట్టించి, గేరు నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉండే గేరులో కనీసం మూడు రన్లు తీయించాలి. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే కొలతను నమ్మవచ్చు. మూడింటి మధ్యే తేడా ఒక హార్స్ పవర్ ఉంటే, కొత్త సైలెన్సర్ ఇచ్చిందని చెప్పే ఒక హార్స్ పవర్‌కు అర్థం లేదు. గీతలో మధ్యలో గుంట ఉందేమో చూడండి. గరిష్ఠంలో అర హార్స్ పవర్ వదులుకునైనా ఆ గుంట పూడ్చమనడమే నా సలహా, ఎందుకంటే రోడ్డు మీద చేతికి తెలిసేది అదే.

చట్టం మాట కూడా తెలుసుకునే దిగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ రూపాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తీసేసిన సిస్టం రేసు ట్రాకుకే పరిమితం. రోడ్డు మీద తిరగాలంటే కన్వర్టరూ, లోపలి శబ్దం తగ్గించే గొట్టమూ ఉన్న సిస్టమే కొనండి.

పని పూర్తయ్యాక పాత సైలెన్సర్‌నూ, పాత మ్యాప్ ఫైలునూ భద్రపరచుకోండి. బండి అమ్మేటప్పుడు రెండూ అడుగుతారు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజను చల్లబడి ఉన్నప్పుడు బెండ్ పైపు నట్లు మళ్ళీ బిగించి, ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ లేత ఇటుక రంగులో ఉంటే బాగుంది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువవుతోంది. ఆ ప్లగ్గును డబ్బాలో పెట్టుకుని రెండోసారి డైనోకు వెళ్ళినప్పుడు ట్యూనర్‌కు చూపించండి.