ఓపియాయిడ్ గ్రాంటు చేతికొచ్చాక ఏం చేయాలి: ఒహాయో కౌంటీ ఆఫీసు నుంచి

దక్షిణ ఒహాయోలో ఒక కౌంటీ ఆఫీసులో ఎనిమిదేళ్లుగా గ్రాంట్లు చూస్తున్నాను. నా టేబుల్ పక్కన ఒక అల్మారా, దాన్నిండా నలోక్సోన్ అనే విరుగుడు మందు పెట్టెలు. ఒక్కో పెట్టెలో 4 మిల్లీగ్రాముల స్ప్రేలు రెండుంటాయి. ఓపియాయిడ్ల (హెరాయిన్, ఫెంటనిల్, కొన్ని రకాల నొప్పి మాత్రల) ఓవర్‌డోస్‌తో ఊపిరి ఆగిపోతున్న మనిషి ముక్కులో కొడితే చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లోనే ఊపిరి తిరిగి వస్తుంది. ఆ పెట్టె అల్మారాలోకి రావాలన్నా, అక్కడి నుంచి ఒక తల్లి హ్యాండ్‌బ్యాగులోకి చేరాలన్నా మధ్యలో బోలెడు కాగితం పని ఉంది. అదే నా ఉద్యోగం.

ఈ మధ్య మన పిల్లలు చాలామంది ఇక్కడ పబ్లిక్ హెల్త్ చదివి కౌంటీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో చేరుతున్నారు. "అక్కా, గ్రాంటు వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

ముందు ఆ డబ్బు ఎవరిదో తెలుసుకోండి

"ఓపియాయిడ్ డబ్బు" అని అందరూ ఒకే గాటన కట్టేస్తారు కానీ, ఇందులో ప్రధానంగా రెండు సంచులున్నాయి. మొదటిది ఫెడరల్ డబ్బు. 2016లో వచ్చిన ట్వంటీఫస్ట్ సెంచరీ క్యూర్స్ చట్టం రెండేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించింది. 2018 నుంచి అది స్టేట్ ఓపియాయిడ్ రెస్పాన్స్ గ్రాంటుగా నడుస్తోంది. మేమంతా ఎస్ఓఆర్ అంటాం. మత్తు వ్యసనం, మానసిక ఆరోగ్యం చూసే ఫెడరల్ సంస్థ శామ్సా దీన్ని రాష్ట్రానికి ఇస్తుంది, రాష్ట్రం మనలాంటి వాళ్లకు పంచుతుంది. 2020 నుంచి మెత్, కొకైన్ లాంటి ఉత్తేజక మత్తుమందుల బారిన పడినవాళ్లకూ ఇందులోంచి ఖర్చు పెట్టే వీలు వచ్చింది.

రెండోది కంపెనీల నుంచి వచ్చిన సెటిల్‌మెంట్ డబ్బు. 2021లో మందుల తయారీ కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్, మూడు పెద్ద మందుల పంపిణీ కంపెనీలు తమ మీద ఉన్న ఓపియాయిడ్ కేసులు తేల్చుకోవడానికి దేశం మొత్తం మీద 2,600 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఒహాయోకు వచ్చే వాటాను స్థానిక ప్రభుత్వాలకు 30 శాతం, ఈ డబ్బు పంచడానికే పెట్టిన వన్ ఒహాయో ఫౌండేషన్‌కు 55 శాతం, రాష్ట్రానికి 15 శాతంగా పంచుకున్నారు.

రెండింటి పని ఒకేలా కనిపిస్తుంది, నియమాలు మాత్రం వేరు. కాబట్టి మొదటి రోజే అకౌంటింగ్‌లో రెండింటికీ వేర్వేరు కోడ్‌లు పెట్టించండి. తర్వాత విడదీద్దాంలే అనుకుంటే విడదీయలేరు.

క్యాలెండర్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఎస్ఓఆర్ బడ్జెట్ సంవత్సరం సెప్టెంబర్ 30న మొదలై మరుసటి సెప్టెంబర్ 29న ముగుస్తుంది. ఒహాయో రాష్ట్రానికి జులై 1 నుంచి జూన్ 30. మా కౌంటీకేమో జనవరి నుంచి డిసెంబర్. మూడూ ఒకే గోడ మీద, మూడు రంగుల్లో గీసి పెట్టుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది ఆ గోడనే.

ఒప్పందం మొత్తం చదవండి

స్క్రీన్ మీద కాదు, ప్రింటు తీసి పెన్ను పట్టుకుని చదవండి. ఫెడరల్ ప్రోగ్రామ్ నంబరు (ఎస్ఓఆర్‌కు 93.788), మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఆఖరి ఇన్‌వాయిస్ గడువు, రిపోర్టు గడువులు, ఇన్‌డైరెక్ట్ రేటు (ఉమ్మడి ఖర్చుల కింద అడగగలిగే శాతం) ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. ప్రభుత్వంతో విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలు అద్దె, కరెంటు, అకౌంటెంటు లాంటి ఉమ్మడి ఖర్చుల కింద 15 శాతం దాకా అడగొచ్చు. 2024 అక్టోబర్ 1కి ముందు అది 10 శాతమే. చిన్న సంస్థలు మొహమాటపడి ఇది అడగరు. అడగండి, మీకు రావలసిన డబ్బే అది.

ఏ ఖర్చుకైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది అవసరమా? ధర సబబేనా? ఈ గ్రాంటు పనికే అయిందా? మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. అప్పటికే వేరే డబ్బుతో నడుస్తున్న కౌన్సెలర్ జీతాన్ని గ్రాంటు మీదికి మార్చి, మిగిలిన డబ్బును ఇంకో పనికి వాడుకోవడం కుదరదు. గ్రాంటు కొత్త పనికి రావాలి, పాత ఖర్చును నెత్తిన వేసుకోవడానికి కాదు. టెస్ట్ స్ట్రిప్స్ (మత్తుమందులో ఫెంటనిల్ లాంటివి కలిశాయేమో చూసే పట్టీలు) లాంటి వాటి మీద నియమాలు మారుతుంటాయి, అందుకే నిరుడు ఒప్పుకున్నారు కదా అని ఈ ఏడు కొనేయకండి. అనుమానం వస్తే రాష్ట్ర ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబును ఫైల్లో దాచండి. ఫోన్లో "పర్లేదు" అన్న మాట ఆడిట్‌లో పనికిరాదు.

టైమ్‌షీట్ ఏ రోజుది ఆ రోజే

ఇది నేను అనుభవించి నేర్చుకున్నది. మా దగ్గర డబ్బు తీసుకునే ఒక చిన్న సంస్థలో ఒక పీర్ సపోర్టర్ ఉండేవాడు, అంటే తాను మత్తు నుంచి బయటపడి, బయటపడాలనుకునేవాళ్లకు తోడుండే ఉద్యోగి. తను ఒకప్పుడు హెరాయిన్ నుంచి బయటపడినవాడు. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ రూమ్ నుంచి పిలుపొస్తే లేచి వెళ్లేవాడు. అతని జీతంలో సగం ఎస్ఓఆర్, సగం సెటిల్‌మెంట్. సంస్థవాళ్లు ప్రతి వారం టైమ్‌షీట్‌లో "20 గంటలు, 20 గంటలు" అని ముందే నింపి సంతకం పెట్టించేవారు. ఆ కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చాయి, నేనూ పాస్ చేశాను.

ఆడిటర్ ఒక వారం షీటు తీసి, ఆ మంగళవారం అతను ఏం చేశాడని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఫెడరల్ నియమాల ప్రకారం జీతం ఖర్చుకు ఆధారం నిజంగా చేసిన పని. బడ్జెట్లో రాసుకున్న శాతం ఒక్కటే ఆధారంగా సరిపోదు. నాలుగు నెలల జీతం వాటా ఆ సంస్థ వెనక్కి కట్టింది. అతను మాత్రం నిజంగానే పని చేశాడు, అంతకంటే ఎక్కువే చేశాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

ఇప్పుడు మా ఫారం ఒక్క పేజీ. తేదీ, ఎన్ని గంటలు, ఏ గ్రాంటు, ఒక్క వాక్యంలో ఏం చేశారు. "రాత్రి 2:10, ఆసుపత్రి, ఒకరితో మాట్లాడి ఉదయం డీటాక్స్‌కు తీసుకెళ్లాను." అంతే చాలు. ఆ మనిషి పేరు మాత్రం రాయకూడదు. మత్తు చికిత్స రికార్డులకు మామూలు వైద్య రికార్డుల కంటే గట్టి ఫెడరల్ గోప్యత ఉంది. ఒకసారి ఇన్‌వాయిస్‌కు జత చేసిన ట్యాక్సీ రసీదులో చికిత్సకు వెళ్తున్న అమ్మాయి పూర్తి పేరు, ఇంటి అడ్రస్ కనిపించాయి. అది నలుగురి ఈమెయిల్స్‌లోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ప్రతి క్లయింటుకూ ఒక నంబరు. రసీదు మీద పేరుంటే నల్లగా కొట్టేశాకే స్కాన్ చేస్తాం.

చేతిలో డబ్బు లేని సంస్థలు

ఈ గ్రాంట్లు చాలావరకు ముందు మీరు ఖర్చు పెడితే తర్వాత తిరిగిచ్చే పద్ధతిలో నడుస్తాయి. ఇన్‌వాయిస్ పంపాక డబ్బు రావడానికి నెల, ఒక్కోసారి రెండు నెలలు. మత్తు మానినవాళ్లు కొన్నాళ్లు ఉండే ఆరు పడకల రికవరీ హౌస్ నడిపేవాళ్లకు అంత ఊపిరి ఉండదు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే వాళ్లను సూటిగా అడుగుతాను: రెండు నెలల జీతాలు ఇవ్వగలరా? ఇవ్వలేమంటే రెండు దారులున్నాయి. ముందస్తు చెల్లింపు అడగడం ఒకటి, దానికి ఫెడరల్ నియమాల్లో చోటుంది. ఇన్‌వాయిస్ నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి పంపుకునేలా రాయించుకోవడం ఇంకోటి. జీతాలు ఆగి మనుషులు వెళ్లిపోతే ఆ ఊళ్లో ఆ పని చేయడానికి ఇంకెవరూ దొరకరు.

నలోక్సోన్ లెక్క

కొనేముందు ఉచితంగా వచ్చే దారి చూడండి. ఒహాయోలో నలోక్సోన్ పంచే ప్రాజెక్ట్ డాన్ అనే కార్యక్రమం 2012లో పోర్ట్స్‌మత్‌లో మొదలైంది, ఇప్పుడు రాష్ట్రమంతా ఉచితంగా ఇస్తున్నారు. అక్కడ దొరికేదానికి గ్రాంటు డబ్బు ఎందుకు? ఆ డబ్బుతో పీర్ సపోర్టర్ గంటలు పెంచండి.

వచ్చిన ప్రతి పెట్టె లాట్ నంబరు, గడువు తేదీ, ఎన్ని వచ్చాయి, ఎవరికి ఎన్ని ఇచ్చాం, ఇవన్నీ ఒక పుస్తకంలో రాస్తాం. గడువు దగ్గరపడ్డవి అల్మారాలో ముందు వరసలో పెడతాం. ఒక వేసవిలో ఒక వాలంటీరు కారు డిక్కీలో నలభై పెట్టెలు జులై అంతా ఉండిపోయాయి. మందును 25 డిగ్రీల లోపు ఉంచాలని, తప్పనిసరైతే కొద్దికాలం 40 దాకా పర్లేదని పెట్టె మీదే ఉంది. ఎండలో నిలబడ్డ కారు డిక్కీ ఆ హద్దు దాటేస్తుంది. ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు ఆ రోజుకు సరిపడా మాత్రమే ఒక చిన్న కూలర్‌లో, ఐస్ పెట్టకుండా ఇచ్చి పంపుతాం. మందు గడ్డకట్టకూడదు కూడా.

ఖర్చు కాని డబ్బు

ప్రతి నెలా పదో తారీఖున ఒక లెక్క చూస్తాను: ఎన్ని నెలలు గడిచాయి, ఎంత శాతం ఖర్చయింది. ఆరు నెలలకు 30 శాతం దాటలేదంటే ఎక్కడో ఉద్యోగం ఖాళీగా ఉందన్నమాట, ఎక్కువసార్లు అదే కారణం. మార్చిలోనే బడ్జెట్ మార్పు అడిగితే ఆ జీతం డబ్బును చికిత్సకు వెళ్లే ప్రయాణ ఖర్చులకో, ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ మందుకో మళ్లించొచ్చు. 2022 డిసెంబర్ ఆఖరులో వచ్చిన చట్టం ఆ మందు రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి అక్కర్లేకుండా చేసింది, కాబట్టి మీ ఊరి ఫ్యామిలీ డాక్టరుతో కూడా మాట్లాడి చూడండి. ఆగస్టులో మేలుకుంటే హడావిడిగా టీషర్టులు, కరపత్రాలు కొనడం తప్ప ఏమీ చేయలేరు. మా పక్క కౌంటీలో ఒక ఏడాది చాలా డబ్బు వెనక్కి పోయింది, అదే ఏడాది అక్కడ చికిత్స కోసం వరసలో నిలబడ్డవాళ్లున్నారు.

సెప్టెంబర్ 29 తర్వాత కొత్త ఖర్చు పెట్టకండి. ముగింపు రిపోర్టులకు మనలాంటి కింది సంస్థలకు 90 రోజులు గడువు. రాష్ట్రం ఇంకా ముందే అడగొచ్చు, అప్పుడు రాష్ట్రం పెట్టిన తేదీయే లెక్క. ఆఖరి ఆర్థిక రిపోర్టు పంపిన రోజు నుంచి కనీసం మూడేళ్లు కాగితాలు దాచాలి, ఆడిట్ ఏదైనా నడుస్తుంటే అది తేలేదాకా. మేము అట్టపెట్టె మీద లావు మార్కర్‌తో గ్రాంటు పేరు, 93.788, "ఈ తేదీ వరకు పారేయొద్దు" అని రాసి కింద తేదీ వేస్తాం.