ఇంటీరియర్ చేసేవాళ్ళకి చేత్తో కొలాజ్: కత్తెర, జిగురు, మన గోదావరి కాయితాలు

త్రీడీ రెండర్, అంటే కంప్యూటర్లో గది బొమ్మ, తీయడం ఇప్పుడు అందరికీ వచ్చేసిందండి, భీమవరంలో, అమలాపురంలో చిన్న చిన్న ఆఫీసుల్లో కూడా పొద్దున కొలతలు తీసుకుని సాయంత్రానికల్లా క్లయింటు వాట్సాప్‌కి బొమ్మ పంపేస్తున్నారు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న సోఫానే, ఉన్న కర్టెనే మళ్ళీ మళ్ళీ వస్తుంటే పాలకొల్లులో ఇల్లూ రాజోలులో ఇల్లూ ఒకేలా తయారవుతున్నాయి. అందుకే రెండర్‌కి ముందు ఒక గంట కత్తెర, జిగురు పట్టుకుని కొలాజ్‌కి, అంటే కాయితాలు కోసి అతికించే బొమ్మకి, కూర్చోండి అని నా జూనియర్లందరికీ చెప్తా, ఎలా కూర్చోవాలో ఇక్కడ రాస్తున్నా.

మూడ్ బోర్డు చేస్తున్నాం కదా, మళ్ళీ ఇదెందుకు అని అడుగుతారు. మూడ్ బోర్డులో టైలు ఫోటో, బట్ట ముక్క, రంగు చీటీ పక్కపక్కన పెడతాం, అన్నీ బాగానే ఉంటాయి, ఏదీ ఇంకోదానికి అడ్డం రాదు. కొలాజ్‌లో ఒక కాయితం ఇంకో కాయితం మీదకి ఎక్కుతుంది, కింది దాన్ని కొంత కప్పేస్తుంది, అప్పుడు ఏది ఎంత కనపడాలి, ఏది ఎక్కడ ఆగాలి అన్నది మీరే తేల్చాలి. గదిలో మనం చేసే పని కూడా ఇదే కదండీ, ఏది ఎంత, ఎక్కడ ఆపాలి.

అసలు ఆధునిక ఆర్టులో కొలాజ్ మొదలైందే మన ఇంటీరియర్ సామానుతో. 1912లో పికాసో పేము అల్లిక డిజైను ప్రింటు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాసు మీద అతికించి చుట్టూ తాడు బిగించాడు, అదే ఏడాది బ్రాక్ అనే ఇంకో ఆర్టిస్టు చెక్క నమూనా వాల్‌పేపర్ కోసి బొగ్గు గీతల మధ్య పెట్టాడు. తర్వాత 1930ల చివర్లో ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో అమెరికాలో ఒక ఇంటి ప్లాను చూపించడానికి పాల్ క్లే పెయింటింగ్ ప్రింటు, వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్క, బయట కొండల ఫోటో కలిపి అతికించాడు. ఆ ఇల్లు కట్టలేదు గానీ గోడ లేకుండా ఒక్క వెనీర్ ముక్కతో గదిని ఎలా విడదీయొచ్చో ఆ కొలాజ్ చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

ఇక సామాను. దీనికోసం ఆర్ట్ షాపుకి వెళ్ళి ఖరీదైన కాయితాలు కొనొద్దు, మన చుట్టూ ఉన్నవే చాలా ఎక్కువ. మైకా షాపుల్లో పాతబడిన కేటలాగులు, పెయింటు షేడ్ కార్డులు, టైల్స్ బ్రోచర్లు, ఖాకీ కవర్లు, పతంగుల కాయితం, బటర్ పేపరు, ఉప్పాడ చీర కొన్నప్పుడు మిగిలిన జాకెట్టు ముక్క అంచులు, నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళ దగ్గర మిగిలే తుంపులు, కొబ్బరి మట్ట మొదట్లో చెట్టుకి చుట్టుకుని జల్లెడలా ఉండే నార. శుభలేఖలు మాత్రం తప్పకుండా దాచండి, అంత మందం, అంత మంచి రంగు కాయితం మనకి ఊరికే ఇంకెక్కడా దొరకదు. కార్డు మూలలకి రాసిన పసుపు కోసేయండి, వెలుతురికి వెలిసిపోతుంది, జిగురు తడికి పక్క కాయితానికి అంటుకుంటుంది. వినాయకుడి బొమ్మ ఉన్న వైపు విడిగా తీసి పెట్టండి, దేవుడి బొమ్మ మీద కత్తెర పెట్టడం క్లయింటు ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చదు, నాకూ మనసొప్పదు. న్యూస్‌పేపరు నేరుగా వాడొద్దు, కొన్ని నెలలకే పచ్చబడుతుంది, కావాలంటే జిరాక్స్ తీసి వాడండి. ఇంక్‌జెట్ ప్రింటయితే తడి తగలగానే రంగు కారుతుంది, అక్కడ కూడా జిరాక్సే నయం.

ఇంకో కాయితం మీరే తయారు చేసుకోవాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. మన వైపు ఇంకా మండువా లోగిళ్ళు మిగిలున్నాయి కదా, ఆ ఇంటి తలుపు మీద పల్చటి కాయితం పెట్టి కదలకుండా టేపు వేసి, మెత్తటి పెన్సిల్ని పడుకోబెట్టి నెమ్మదిగా రుద్దండి. టేకు గీతలు, చెక్కిన లతలు, ఇత్తడి బొడిపెలు, ఎక్కడ పగిలిందో ఆ పగులుతో సహా కాయితం మీదకి వచ్చేస్తాయి. మాక్స్ ఎర్నెస్ట్ అనే ఆర్టిస్టు 1925లో చెక్క నేల మీద ఇలా రుద్ది బొమ్మలు చేశాడు. మనకి దీంతో డబుల్ లాభం, ఇల్లు పడగొట్టేముందు దాని తలుపు మన ఫైల్లో ఉంటుంది, రేపు అదే ఇంటివాళ్ళ కొత్త వార్డ్‌రోబ్ షట్టర్‌కి డిజైను అందులోంచే తీయొచ్చు. తాటాకు చాప, గోనెసంచి, అరుగు మీద అరిగిన గచ్చు కూడా ఇలాగే తీయండి.

జిగురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సగం కొలాజ్‌లు పాడయ్యేది ఇక్కడే. బరువు కాయితాలకి, బట్టకి తెల్ల ఫెవికాల్ కొంచెం నీళ్ళు కలిపి పల్చగా బ్రష్‌తో రాయండి, ఆరాక కనపడదు. పల్చటి కాయితాలకి మైదా జిగురే బాగుంటుంది, కప్పు మైదాకి నాలుగైదు కప్పుల నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే తెల్లదనం పోయి నిగనిగలాడుతుంది, అప్పుడు దించి వడకట్టాలి. ఇది సరిచేసుకోడానికి టైమిస్తుంది, అతికించాక కూడా కొంచెం జరపొచ్చు. బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు, ఎప్పటికప్పుడు తాజాగా కాచుకుని మిగిలింది పారేయండి. అతికించాక ఎండలో పెట్టొద్దు, వంకరపోతుంది. పైనా కిందా బటర్ పేపరు వేసి, మీద ప్లై ముక్క, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి ఒక రోజంతా వదిలేయండి, వానాకాలంలో ఇంకో రోజు. అట్ట ఒకవైపే కాయితం అతికిస్తే ఆరేటప్పుడు ఆ వైపుకి లాగేస్తుంది, అందుకే వెనక కూడా ఏదో ఒక కాయితం అతికించాలి. వడ్రంగి మేస్త్రి షట్టర్‌కి బయట లామినేట్ వేసి లోపల లైనర్ (పల్చటి షీటు) వేసేది కూడా ఇందుకే.

ఇప్పుడు అసలు పని. స్కేలు పెట్టుకోండి, అరంగుళం అంటే ఒక అడుగు. మన మేస్త్రిలందరూ అడుగులు అంగుళాల్లోనే మాట్లాడతారు కాబట్టి ఇదే సుఖం. పన్నెండడుగుల గోడ, పదడుగుల ఎత్తు అయితే ఆరంగుళాలు, అయిదంగుళాలు, ఏ4 అట్ట మీద హాయిగా పడుతుంది. నేల నుంచి రెండున్నర అంగుళాల దగ్గర పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి, అది అయిదడుగులు, నిలబడ్డ మనిషి కంటి ఎత్తు కాస్త అటూఇటూగా. కుప్పలోంచి అయిదు కాయితాలే తీసుకోండి. అయిదు దాటితే ఎక్కడ ఏది నచ్చలేదో తెలీదు, దేన్ని తీయాలో తేలదు.

ఏది కత్తెరతో కోయాలి, ఏది చేత్తో చింపాలి అనేది ముందే అనుకోండి. కోసిన అంచు గదిలో జాయింటు, అంటే ప్లై గోడని కలిసే చోట, టైలు ఆగే చోట. చింపిన అంచు మెత్తగా కలిసిపోయే చోటు, అంటే కర్టెన్, గోడ మీద వెలుతురు, మొక్కల గుబురు. ప్రింటు కాయితం మీ వైపు లాగి చింపితే ఒక ముక్కకి తెల్ల అంచు వస్తుంది, రెండోదానికి రాదు, ఏది కావాలో అది వాడుకోండి. కాయితానికి కూడా చెక్కలాగా ఒక పోగు వాటం ఉంటుంది, ఆ వాటంలో చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే గజిబిజిగా పోతుంది. బెనోద్ బిహారీ ముఖర్జీ అనే బెంగాలీ ఆర్టిస్టు 1950ల్లో చూపు పూర్తిగా పోయాక కూడా కాయితాలు కోసి కొలాజ్‌లు చేశాడు, వేళ్ళకి ఎంత తెలుస్తుందో ఆయన పని చూస్తే అర్థమవుతుంది. మీరు కూడా కళ్ళు మూసుకుని ఒకసారి అయిదు కాయితాలూ తడిమి చూడండి, గరుకు ఏది, నున్నన ఏది అని. అన్నీ నున్నగా ఉంటే ఆ గది కూడా అంతే, చేతికి ఏమీ తగలదు.

ఒక్క గోడ చేసి చూపిస్తా. కాలవ గట్టు మీద ఇల్లు, పడమటి కిటికీ, బయటంతా కొబ్బరి చెట్లు. ఖాకీ కవరు గోడ మొత్తం. తలుపు మీద రుద్దిన కాయితం ఎడమ పక్క నిలువుగా వార్డ్‌రోబ్. కిటికీకి లేసు ముక్క, దాని మీద టిష్యూ, జిగురు తగలగానే టిష్యూ పూతరేకులా కింద ఉన్నదంతా చూపిస్తుంది. కింద ఎర్ర గచ్చు రంగు పట్టీ, పాత ఇళ్ళలో గోడ అడుగున వేసేవారు కదా అలాంటిది, ఒకటిన్నర అంగుళం అంటే మూడడుగులు. ఇప్పుడు ఏమీ అతికించకుండా ఆ ఎర్ర పట్టీని ఇంకో అరంగుళం పైకి జరపండి. ఒక్క అడుగు పెరిగిందంతే, గది మొత్తం కిందకి కూర్చుండిపోయినట్టు అయిపోతుంది, వార్డ్‌రోబ్ లావుగా కనపడుతుంది. ఒక అంగుళానికి దించండి, రెండడుగులు, ఇప్పుడు గోడ లేచింది గానీ ఎరుపు ఉండీ లేనట్టుంది. అలా జరుపుతూ మధ్యలో ఆపండి, ఎక్కడ ఆగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి, ఆ అంకె నేరుగా తాపీ మేస్త్రికి చెప్పొచ్చు.

ప్రతి మార్పుకీ ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగు తీసేశాక ఖాకీ, టేకు ఒకే బూడిద రంగులో కలిసిపోతే గదిలో కూడా వార్డ్‌రోబ్ గోడలో కలిసిపోతుందన్నమాట, అదే కావాలంటే సరే, లేకపోతే ఒకటి మార్చండి. ఇంకోటి, ఈ కాయితాల్ని ట్యూబ్‌లైట్ కింద చూసి తేల్చొద్దు. మన వైపు తోట పక్క గదుల్లో పగలు వెలుతురు ఆకుల మీంచి వస్తుంది, తెల్ల గోడకి కొంచెం పచ్చదనం అంటుతుంది, ఎరుపు కాస్త మసకేస్తుంది. అట్టని ఆ ఇంటికే తీసుకెళ్ళి, ఆ గోడకే ఆనించి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చూడండి.

అక్కడికి తీసుకెళ్ళినప్పుడే ఇంటివాళ్ళని కూడా కూర్చోబెట్టండి. జిగురు పెట్టకముందే. మీకు ఏ స్టైల్ కావాలండి అని అడిగితే ఎక్కడో చూసిన ఫోటో చూపిస్తారు, కాయితాలు చేతికిస్తే వేరే మాట్లాడతారు. మామ్మగారి ముందు ఎర్ర కాయితాలు రెండు మూడు పెట్టండి, "ఇది మా పుట్టింటి అరుగు రంగు బాబూ" అని ఒకటి తీస్తారు, ఇక ఆ రంగు కోడ్ కోసం మీరు వెతకక్కర్లేదు, ఆ ముక్కనే పెయింటు షాపుకి తీసుకెళ్ళి మ్యాచ్ చేయించుకోవచ్చు. ముందు ఏది పట్టుకున్నారు, ఏది పక్కకి తోసేశారు, ఇంట్లో ఇద్దరూ దేని దగ్గర వాదించుకున్నారు, ఇవన్నీ గమనించి అట్ట వెనక రాయండి. పత్రికల్లోంచి కోసిన ఫోటోలు ఉంటే ఆ కొలాజ్ ఇలా మాట్లాడుకోడానికే ఉంచండి, అమ్మడానికో మీ పని అని ప్రచారానికో వాడొద్దు, ఆ ఫోటో తీసినవాళ్ళ హక్కు అది.

అందరూ ఒప్పుకున్నాక అతికించండి, పెద్ద ముక్కలు ముందు, చిన్నవి తర్వాత, మధ్యలోంచి అంచులకి గుడ్డతో నెట్టుకుంటూ. పూర్తిగా ఆరాక వెనక తారీఖు, గది, స్కేలు రాసి ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఖాకీ కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి బూజు పడుతుంది. నాలుగు లవంగాలో వేపాకో కవరు పక్కన వేసి, గోడకి ఆనకుండా బీరువాలో పై అరలో ఉంచండి. పని మొదలయ్యాక రెండర్‌తో పాటు ఈ అట్టని కూడా సైటుకి పంపండి, మేస్త్రికి అడుగులు అంగుళాలు అందులోంచే కొలుచుకోవడం తేలిక.