నాట్లకు ముందు షుగరు చూసుకోండి: బురద నుంచి వచ్చే జ్వరం గురించి కొన్ని జాగ్రత్తలు

ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు వదలగానే దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి, పొన్నూరు వైపు పనులు ఊపందుకుంటాయి. నారుమళ్లు పోయాలి, దమ్ము చేయాలి, ఊడ్పులకు మనుషులను మాట్లాడుకోవాలి. విత్తనం ఖర్చు, ట్రాక్టరు అద్దె, కూలి అన్నీ ముందే లెక్క వేసుకుంటాం. బురదలో దిగబోయే మనిషికి షుగరు ఎంతుందో మాత్రం చూసుకోం. ఈ సీజనులో అన్నిటికంటే ముందు చూసుకోవలసింది అదేనని నా అభిప్రాయం.

కారణం, బురదలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బు. 2025లో గుంటూరు రూరల్ మండలంలోని తురకపాలెంలో వరుసగా మరణాలు జరిగి, కారణం ఇదేమోనన్న అనుమానం వచ్చాకే ఈ పేరు మన పత్రికల్లోకి ఎక్కింది. అక్కడి మరణాలన్నిటినీ దీని ఖాతాలో వేయడం తొందరపాటు. అలాగని ఇది ఎక్కడి నుంచో ఊడిపడిన వింత జబ్బు కూడా కాదు. 1911లో రంగూన్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే వైద్యుడు, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి దీన్ని గుర్తించి మరుసటి ఏడాది ప్రకటించారు. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా దీనికి మూలం. వరి మడి బురదలో, నిలవ నీటిలో అది హాయిగా బతుకుతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఇది సోకుతుందని, వారిలో 89,000 మంది చనిపోతున్నారని 2016లో పరిశోధకులు అంచనా వేశారు. అందులో పెద్ద వాటా దక్షిణాసియాదే. మన దగ్గర కేసులు తక్కువగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం, దాని కోసం వెతికేవారు తక్కువగా ఉండటం.

ఆరోగ్యంగా ఉన్నవారి ఒంట్లోకి ఈ బ్యాక్టీరియా చేరినా చాలాసార్లు జబ్బు చేయదు. షుగరు ఉన్నవారి సంగతి వేరు. వారికి ఇది వచ్చే ప్రమాదం మిగతావారికంటే దాదాపు పన్నెండు రెట్లు ఎక్కువ. దీని బారిన పడేవారిలో సగం మంది మధుమేహం ఉన్నవారే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మద్యం ఎక్కువగా తాగేవారు, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తలోపం) ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు కూడా జాగ్రత్త పడాలి. స్టెరాయిడ్లు అనగానే మాకెందుకుంటాయి అనుకోకండి. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే మాత్రల్లో తరచుగా ఉండేది అదే. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే ఆ పొట్లంలో ఏముందో అడగండి.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. తమకు షుగరు ఉన్నట్టు తెలియనివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాబట్టి ముప్పయి దాటినవారు దమ్ముకు దిగేలోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించుకోవాలి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. సగటు బాగా ఎక్కువగా ఉంటే ఈ ఏడాది మడిలో దిగే పని వేరొకరికి అప్పగించి గట్టు మీద పనులు చూసుకోవడం మంచిది. కౌలు రైతుకు, రోజు కూలీకి ఇది చెప్పినంత తేలిక కాదు. అలాంటివారు కనీసం కాళ్ల సంగతి పట్టించుకోవాలి.

కాళ్ల దగ్గర

మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు వేసుకోమని ప్రతి కరపత్రమూ చెబుతుంది. దమ్ము చేసిన మడిలో గంబూటు దిగబడితే కాలు పైకి వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. ఆ సంగతి కరపత్రం రాసినవారికి తెలిసి ఉండదు. అందుకని బూట్లను వాటికి పనికొచ్చే చోట వాడండి. కాలువలో గుర్రపు డెక్క తీసేటప్పుడు, గట్లు సరిచేసేటప్పుడు, పశువుల పాక కడిగేటప్పుడు, వరద తగ్గాక ఇల్లు శుభ్రం చేసుకునేటప్పుడు అవి తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తాక విజయవాడ సింగ్ నగర్‌లో వేలమంది ఒట్టి కాళ్లతో, ఒట్టి చేతులతో ఇళ్లలోని ఒండ్రు ఎత్తిపోసుకున్నారు. అలాంటి పని మళ్లీ ఎవరి నెత్తిన పడినా బూట్లూ రబ్బరు చేతి తొడుగులూ లేకుండా మొదలుపెట్టవద్దు.

ఊడ్పుల మడిలో బూట్లు కుదరకపోతే, పాదానికి బిగుతుగా పట్టి ఉండే రబ్బరు తొడుగులు దొరుకుతాయేమో చూడండి. అవీ లేకపోతే ఒక్క నియమం పాటించండి: ఒంటి మీద తెరిచి ఉన్న పుండు ఉంటే ఆ రోజు నీళ్లలో దిగవద్దు. పుండు అంటే కొడవలి గాయమే కానక్కర్లేదు. మడమ పగులు, వేళ్ల సందుల్లో నాని చీలిన చర్మం, గోకి గోకి పచ్చిగా మారిన దురద మచ్చ, ఇవన్నీ బ్యాక్టీరియాకు దారులే. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి ముల్లు దిగినా తెలియదు. వారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరికాళ్లు చూసుకోవాలి. వంగలేనివారు ఇంట్లోవారిని చూడమనాలి.

పని అయ్యాక కాళ్లు కాలువ నీళ్లతో కడిగి వదిలేయకండి. ఇంటికొచ్చి సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవాలి. గాయమైతే కడిగి, యాంటీసెప్టిక్ రాసి, నీళ్లు చొరని పట్టీ వేయండి. మట్టి అద్దడం, పేడ పూయడం పెద్దల పేరు చెప్పి ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. ధనుర్వాతం సూది వేయించుకోవడం మంచిదే, కానీ అది ధనుర్వాతానికి మాత్రమే. మెలియాయిడోసిస్‌కు టీకా ఇంకా లేదు.

ఈ బ్యాక్టీరియా గాలిలోని తుంపర్ల ద్వారా ఊపిరితిత్తుల్లోకి, తాగే నీటి ద్వారా కడుపులోకి కూడా వెళ్లగలదు. ఉధృతంగా వర్షాలు పడినప్పుడు తీవ్రమైన న్యుమోనియాతో వచ్చే కేసులు పెరుగుతాయని ఆస్ట్రేలియాలోని డార్విన్ వైద్యులు గమనించారు. కాబట్టి ఈదురుగాలితో వాన మొదలైతే షుగరు ఉన్నవారు పొలంలో ఉండకూడదు. తాగే నీళ్లు కాచి చల్లార్చుకోవాలి, లేదా క్లోరిన్ కలిపినవి తాగాలి.

జ్వరం వస్తే

బ్యాక్టీరియా ఒంట్లో చేరాక సాధారణంగా ఒకటి నుంచి 21 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. నాలుగైదు రోజుల్లో బయటపడటం ఎక్కువ. కొందరికి దగ్గు, ఆయాసంతో న్యుమోనియాలా వస్తుంది. కొందరికి కాలేయంలో, ప్లీహంలో చీము గడ్డలు కడతాయి. ఇంకొందరికి నెలల తరబడి దగ్గు, బరువు తగ్గడం కనిపించి, ఎక్స్‌రేలో అచ్చం క్షయలాగే ఉంటుంది. కళ్లెలో క్షయ క్రిమి దొరక్కుండానే క్షయ మందులు మొదలుపెట్టి, అవి పనిచేయకపోతే, మెలియాయిడోసిస్ సంగతి డాక్టరును అడగాలి.

మన ఊళ్లలో జ్వరం దారి అందరికీ తెలిసిందే. మొదటి రోజు మందుల షాపు మాత్రలు, రెండో రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది, సెలైన్. మూడో రోజు వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ ఉందని చీటీ వస్తుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్ముకోకూడదు. పాత ఇన్‌ఫెక్షన్ వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ఈ చీటీ చేతిలో పెట్టుకుని వారం రోజులు గడిపేయడం వల్లే చాలా నష్టం జరుగుతోంది.

అదే పొలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్, గడ్డిలోని చిగ్గర్ పురుగు కాటుతో స్క్రబ్ టైఫస్ కూడా రావచ్చు. మూడూ జ్వరంతోనే మొదలవుతాయి, కానీ మూడింటికీ ఒకే మందు సరిపోదు. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుంది. అది తీవ్రమైతే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సెలైన్ ద్వారా ఇస్తే ఒక్కొక్కటి విడిగా ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోనే జరిగిన పెద్ద పరిశోధన 2023లో చూపింది. లెప్టోస్పైరోసిస్‌కు సెఫ్‌ట్రియాక్సోన్ సరిపోతుంది. జ్వరం తగ్గకపోతే చిన్న ఆసుపత్రుల్లో ముందుగా ఎక్కించేది కూడా ఆ సెఫ్‌ట్రియాక్సోనే. మెలియాయిడోసిస్‌కు మాత్రం దాన్ని నమ్ముకోలేం. దానికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనమ్ కావాలి. తీవ్రమైన మెలియాయిడోసిస్‌లో మరణాలను సెఫ్టాజిడిమ్ సగానికి తగ్గించిందని థాయ్‌లాండ్ పరిశోధన 1989లోనే చెప్పింది.

అందుకే, షుగరు ఉండి బురదలో పని చేసినవారికి జ్వరం రెండు రోజులు దాటితే నేరుగా కల్చర్ పరీక్ష (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి గుర్తించడం) సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గుంటూరులో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది, విజయవాడలోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే రెండు రోజులు కూడా ఆగవద్దు. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: షుగరు ఉంది, ఫలానా రోజుల్లో ఊడ్పులు చేశాను, కాలికి పుండు ఉంది, ఈ మందులు ఇప్పటికే వాడాను. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కల్చర్‌కు రక్తం తీయమని అడగండి. ముందే మందు ఎక్కితే బ్యాక్టీరియా కల్చర్‌లో పెరగకపోవచ్చు. చీము, కళ్లె, మూత్రం కూడా పంపిస్తే దొరికే అవకాశం పెరుగుతుంది.

ల్యాబు దగ్గర మరో చిక్కుంది. ఈ బ్యాక్టీరియాను అలవాటు లేని ల్యాబుల్లో సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనో, నమూనాలో కలిసిపోయిన చెత్త క్రిమి అనో పక్కన పెట్టేస్తారు. కొన్ని ఆటోమేటిక్ యంత్రాలు కూడా పొరబడతాయి. అందుకని ల్యాబు చీటీ మీద మెలియాయిడోసిస్ అనుమానం అని డాక్టరుతో రాయించడం అవసరం. దానివల్ల ల్యాబు సిబ్బంది తమ జాగ్రత్తలో తాము ఉంటారు కూడా. కల్చర్ ఒకసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఎందుకంటే కల్చర్ పట్టుకోగలిగేది సుమారు అరవై శాతం కేసులనే. ఫలితానికి మూడు నాలుగు రోజులు కూడా పడుతుంది. బ్యాక్టీరియా జన్యువును గుర్తించే క్రిస్పర్ పద్ధతితో నాలుగు గంటల్లో, తొంభై శాతానికి పైగా కచ్చితంగా పట్టుకునే పరీక్షను థాయ్‌లాండ్‌లో రోగుల నమూనాల మీద ప్రయత్నించి 2024లో ఫలితాలు ప్రచురించారు. అది మన ల్యాబులకు వచ్చేదాకా రక్తం సీసాలూ కల్చర్ పళ్లేలే దిక్కు.

జబ్బు నిర్ధారణ అయితే కనీసం రెండు వారాలు ఆసుపత్రిలో సూది మందు పడుతుంది. గడ్డలు ఉంటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. సరైన మందు పడినా జ్వరం దిగడానికి తొమ్మిది పది రోజులు పట్టడం మామూలే. నాలుగో రోజుకే కంగారుపడి ఆసుపత్రి మార్చవద్దు. ఇది మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. రోగిని వేరుగా ఉంచాల్సిన పని లేదు, పక్కన కూర్చుని అన్నం పెట్టవచ్చు.

తర్వాత సుమారు మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు వాడాలి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. ఒళ్లు కుదుటపడగానే మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇది సల్ఫా మందు కాబట్టి, సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. మధ్యలో మూత్రపిండాల పనితీరు, పొటాషియం పరీక్షలు చేయిస్తుండాలి. ఆగస్టులో పడకేసినవారికి కోతల సమయానికి కూడా మాత్రలు నడుస్తూనే ఉంటాయి, కాబట్టి ఆ ఏడాది కోతలకు వేరే మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.