షుగర్, బీపీ, థైరాయిడ్ ఉన్నవాళ్లు బరువు తగ్గే ఆపరేషన్ గురించి ఆలోచిస్తుంటే

ముందుగా ఒక పని చేయండి. మీరు రోజూ వేసుకునేవి, అప్పుడప్పుడు వేసుకునేవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి, ఆయుర్వేదం పొడులతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేయండి. సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సంచి మీ చేతిలో ఉండాలి. చీటీలు చాలవు, మందులే తీసుకెళ్లండి.

నేను మొదట వెళ్లిన హాస్పిటల్లో ఎత్తు చూశారు, బరువు చూశారు, ప్యాకేజీ ఎంతో చెప్పారు, ఈ నెలలోనే చేయించుకుంటే తగ్గిస్తామని అడ్వాన్స్ కట్టమన్నారు. పదకొండేళ్లుగా షుగర్ ఉందని, థైరాయిడ్, బీపీ ఉన్నాయని నేనే చెప్పాను, "అవన్నీ ఆపరేషన్‌తో పోతాయమ్మా" అన్నారు. నాకెందుకో మనసు ఒప్పలేదు, లేచి వచ్చేశాను. రెండో చోట డాక్టర్ గారు మాత్రం "సంచి బల్ల మీద బోర్లించండమ్మా" అన్నారు. పదకొండు రకాల స్ట్రిప్పులు పడ్డాయి. ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి పేరు చదువుతూ మూడు కుప్పలు చేశారు, ఆపరేషన్ తర్వాత కూడా వాడేవి, మోతాదు మారేవి, ఆపేయాల్సినవి అని. ఆపేయాల్సిన కుప్పలో మొదట పడింది డాపాగ్లిఫ్లోజిన్. ఇది షుగర్‌ని మూత్రంలోకి పంపించే మందు, ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందే ఆపాలి, ఆపకపోతే తిండి లేని సమయంలో రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) పేరుకుపోతాయి, పైగా గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు అని చెప్పారు. తర్వాత సగం వాడిన మోకాళ్ల నొప్పుల స్ట్రిప్ ఒకటి పట్టుకుని "ఇది ఎవరు రాశారు?" అని అడిగారు. ఎవరూ రాయలేదండి, నొప్పి వచ్చినప్పుడల్లా షాపులో తెచ్చుకుంటాను అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మాయికి కూడా ఆ సంగతి తెలీదు.

మనలాంటి పాత జబ్బులవాళ్లు మొదట అడగాల్సింది ఎన్ని కిలోలు తగ్గుతాం అని కాదని ఆ రోజే నాకు అర్థమైంది. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి నా జబ్బులేమవుతాయి, నా మందులు ఎవరు మారుస్తారు, ఆ మనిషి ఫోన్ ఎత్తుతారా లేదా? కిలోల సంగతి వీటి తర్వాతే.

ఇక ఎవరికి ఈ ఆపరేషన్ చేస్తారన్నది. బరువుని కిలోల్లో, ఎత్తుని మీటర్లలో తీసుకుని, బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. నాది 92 కిలోలు, 158 సెంటీమీటర్లు, అంటే దాదాపు 36.9. 1991లో అమెరికాలో పెట్టిన పాత లెక్క ప్రకారం బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి పెద్ద జబ్బులైనా ఉండాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని మార్చాయి. 35 దాటితే జబ్బులున్నా లేకపోయినా సలహా ఇవ్వొచ్చు, 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటివి ఉంటే ఆలోచించొచ్చు, ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే పరిశీలించొచ్చు అన్నాయి. మనకి కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, తక్కువ బరువుకే షుగర్ వచ్చేస్తుంది, అందుకే ఆ తేడా. అలాగని 28 ఉన్నవాళ్లందరూ ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తమని కాదు. ఆ బరువులో ముందు తిండి, నడక, మందులు గట్టిగా ప్రయత్నించాలి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి, ఆపరేషన్ మాట ఎత్తే ముందు నా విషయంలో అవి పనికొస్తాయా అని మీ షుగర్ డాక్టర్‌ని సూటిగా అడగండి. ఇప్పటికే వాటిని వాడుతుంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే వాటి వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది.

ఇన్సూరెన్స్ లెక్క వేరు, ఇక్కడ చాలామంది మోసపోతారు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక నిబంధన ప్రకారం వయసు 18 దాటి, డాక్టర్ సలహా మీద చేయించుకుని, బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటివి ఉండాలి, అవి కూడా మామూలు పద్ధతుల్లో బరువు తగ్గించి చూసినా లొంగనివై ఉండాలి. మోకాళ్ల నొప్పులు ఎంత భరించలేనంత ఉన్నా ఆ జాబితాలో లేవు. పాలసీ తీసుకుని ఎన్నేళ్లయింది, పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ అయిపోయిందా చూసుకోండి, హాస్పిటల్ వాళ్లు నోటితో "వచ్చేస్తుంది సార్" అంటే నమ్మకండి, ఇన్సూరెన్స్ కంపెనీ ఆమోదం రాతలో చేతికి వచ్చాకే తేదీ పెట్టించుకోండి.

ఏ ఆపరేషన్ అనేది మీ జబ్బుల్ని బట్టి ఉండాలి, పక్కింటావిడ ఏది చేయించుకుందనేదాన్ని బట్టి కాదు. ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతుకి పైగా కోసి తీసేసి అరటిపండంత గొట్టంలా మిగులుస్తారు, తీసేసింది మళ్లీ పెట్టలేరు. బైపాస్‌లో పైన చిన్న సంచిలా కట్టి, దాన్ని నేరుగా కింది పేగుకి కలుపుతారు, తిన్నది మధ్యలో కొంత పేగుని తాకకుండా దాటిపోతుంది. పుల్లతేన్పులు, గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత అది ఇంకా పెరగొచ్చు, అందుకే వాళ్లకి తరచుగా బైపాస్ చెబుతారు, ముందు ఎండోస్కోపీ చేయించమని మీరే అడగండి. షుగర్‌కి కూడా బైపాస్ గట్టిగా పనిచేస్తుంది. కానీ కీళ్లవాతం ఉండి నొప్పి మాత్రలో, స్టెరాయిడ్లో మానలేనివాళ్లకి బైపాస్ చిక్కు, ఎందుకంటే సంచిని పేగుకి కలిపిన కుట్టు దగ్గర పుండు పడుతుంది. కిడ్నీలో రాళ్లు పడే ఒళ్లయితే బైపాస్ తర్వాత అవి పెరిగే అవకాశం ఉంది. ఫిట్స్ మందులు, రక్తం పలచబడే మందులు, మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం లాంటివి వాడేవాళ్లలో మందు ఒంటికి పట్టే తీరే మారిపోవచ్చు, ఆ డాక్టర్లకీ సర్జన్‌కీ మధ్య మాట కలిపే బాధ్యత మీరే తీసుకోవాలి, వాళ్లంతట వాళ్లు మాట్లాడుకుంటారని కూర్చోకండి.

షుగర్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. పేగు దారి మారగానే, బరువు ఇంకా తగ్గకముందే, షుగర్ రోజుల్లో దిగడం మొదలవుతుంది. వినడానికి బాగుంటుంది గానీ పాత మోతాదులో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు అలాగే వేసుకుంటే లో షుగర్‌తో పడిపోతాం. డిశ్చార్జ్ రోజున "రేపు పొద్దున ఏది ఎంత వేసుకోవాలి, షుగర్ ఎంత ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి" అని కాగితం మీద రాయించుకోకుండా గేటు దాటకండి. మొదటి రెండు వారాలు మా అమ్మాయి రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి నోట్‌బుక్‌లో రాసింది, ఆ అంకెలు చూసే డాక్టర్ గారు ఇన్సులిన్ తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా ఆపారు. ఆలస్యంగా కరిగే రకం మాత్రల్ని మామూలు రకానికి మారుస్తారేమో కూడా అడగండి. ఇంకోటి, ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే కంటి వెనక రెటీనా సమస్య కొన్నాళ్లు ఎక్కువ కావచ్చు, అందుకే ఆపరేషన్‌కి ముందే కంటి డాక్టర్‌కి చూపించుకోండి. షుగర్ పూర్తిగా పోతుందా అంటే, వచ్చి కొన్నేళ్లే అయ్యి, ఇన్సులిన్ దాకా వెళ్లనివాళ్లకి మందులు మానేసే అవకాశం ఎక్కువ. శరీరం ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష ఉంది, చేయించుకుంటే ముందే ఒక అంచనా వస్తుంది. నాకు ఇన్సులిన్ పోయింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మిగిలింది. పోయిందనుకున్న షుగర్ కూడా ఏళ్ల తర్వాత తిరిగి రావొచ్చు, కాబట్టి పరీక్షలు మానకూడదు.

బీపీ మాత్రలూ అంతే, నీళ్లు సరిగ్గా తాగలేని ఆ తొలి వారాల్లో మూత్రం ఎక్కువ పోయించే రకం మందు కొనసాగిస్తే మంచం దిగగానే కళ్లు తిరుగుతాయి. థైరాయిడ్ మాత్ర ఎప్పటిలాగే పరగడుపున వేసుకోవాలి, కానీ ఇప్పుడు కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా తోడవుతాయి కాబట్టి వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచండి. గురక పెట్టేవాళ్లు, పగలు కూర్చున్నచోటే కునుకు తీసేవాళ్లు ముందే నిద్ర పరీక్ష చేయించుకోండి, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషిన్ ఇస్తే హాస్పిటల్‌కి కూడా పట్టుకెళ్లండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉన్న అమ్మాయిలు ఒకటి గుర్తుంచుకోవాలి, బరువు తగ్గితే నెలసరి సర్దుకుని అనుకోకుండా గర్భం రావొచ్చు. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకూ గర్భం వద్దని చెబుతారు, బైపాస్ అయినవాళ్లకి గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు, వేరే పద్ధతి గురించి ముందే మాట్లాడుకోండి.

మనసు సంగతి దాచకండి. డిప్రెషన్ ఉన్నా, టెన్షన్ వస్తే తినేసే అలవాటు ఉన్నా, మద్యం అలవాటు ఉన్నా చెప్పేయండి, చెబితే ఆపరేషన్ చేయరేమో అని భయపడి దాచినవాళ్లకే తర్వాత ఎక్కువ ఇబ్బంది. బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా ఎక్కుతుంది. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందే మానాలి. మళ్లీ మొదలుపెడితే కుట్ల దగ్గర పుండ్లు పడతాయి, కాబట్టి తర్వాత కూడా దాని జోలికి పోవద్దు.

ఆపరేషన్‌కి ముందు సాధారణంగా రెండు వారాలు ప్రోటీన్ పౌడర్, పలచటి ఆహారం మీద ఉంచుతారు. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ కొంచెం చిన్నదైతేనే దాన్ని పక్కకి జరిపి కింద ఉన్న జీర్ణాశయాన్ని చూడటం వీలవుతుంది, కాబట్టి ఆ రెండు వారాల్లో ఆఖరిసారి అని బిర్యానీ తినకండి.

తిండి ఎలా ఉంటుందో ఒక మాట. డాక్టర్ నీళ్లు, మజ్జిగ తేట, తర్వాత పప్పుకట్టు తాగొచ్చు అన్న రోజున మా మనవడి ఉగ్గుగిన్నెలో రెండు చెంచాల పప్పుకట్టు పోసిచ్చారు. అది పూర్తి చేయడానికి నాకు అరగంట పట్టింది. మూడో గుక్క తొందరపడి మింగితే రొమ్ము మధ్యలో రాయి ఇరుక్కున్నట్టు నొప్పి వచ్చి, లేచి గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నెలల్లో కూడా ముద్ద కట్టే అన్నం, చపాతీ నాకు కష్టమయ్యాయి, మెత్తటి పెసరట్టు ముక్క, గుడ్డు, పెరుగు, చేప హాయిగా దిగాయి. రోజుకి 60 గ్రాములకి తక్కువ కాకుండా ప్రోటీన్ పడాలి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో కిడ్నీ డాక్టర్‌నే అడగాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. బైపాస్ అయినవాళ్లు పండగనాడు అరిసె తిని గుండె దడ, చెమటలు, విరేచనాలతో పడుకోవడం మామూలే.

విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బీ12, ఐరన్, డీ విటమిన్, కాల్షియం సిట్రేట్ మానేస్తే రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, ఎముకలు గుల్లవుతాయి. షుగర్ ఉన్నవాళ్లం కాళ్ల తిమ్మిర్లని షుగర్ మీదకి నెట్టేస్తాం, అసలు కారణం బీ12 అయి ఉండొచ్చు, పైగా మెట్‌ఫార్మిన్ కూడా బీ12ని తగ్గిస్తుంది. వాంతులు ఆగకుండా అవుతుంటే "ఆపరేషన్ అయ్యింది కదా, మామూలే" అనుకోవద్దు. బీ1 తగ్గిపోయి తూలడం, మతిమరుపు, చూపు చెదరడం దాకా పోతుంది, అది ఎమర్జెన్సీ. అలాగే తొలి వారాల్లో జ్వరం, గుండె వేగం పెరగడం, ఎడమ భుజం నొప్పి, ఆయాసం వీటిలో ఏది వచ్చినా ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్లండి, కుట్టు లీకయిందేమో చూడాలి. మూడు నెలల తర్వాత జుట్టు రాలడం చూసి భయపడకండి, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే తిరిగి వస్తుంది.

అడ్వాన్స్ కట్టే ముందు సర్జన్‌ని ఈ మాటలు అడగండి: నాలా షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి మీరు ఎన్ని చేశారు, మీ దగ్గర డైటీషియన్ ఎన్నాళ్లు చూస్తారు, రాత్రి రెండింటికి ఇబ్బంది వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు, ఏడాది తర్వాత రక్తపరీక్షలు ఎవరు చూస్తారు? చిరాకు పడితే ఇంకో చోటుకి వెళ్లండి. మీరు ఉండే ఊరు నుంచి ఫాలోఅప్‌కి రాలేమనుకుంటే, లేదా షుగర్, బీపీ ఇప్పుడు బొత్తిగా అదుపులో లేకపోతే, తేదీ వాయిదా వేయించుకోవడంలో నష్టం లేదు.

అన్నీ అయ్యాక పర్సులో ఒక చీటీ పెట్టుకోండి: ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఏ మందులు పడవు, సర్జన్ నంబర్. నాది బైపాస్. పోయినేడాది పన్ను నొప్పికి వెళ్తే డెంటిస్ట్ ఐదు రోజులకి నొప్పి మాత్ర రాశారు, చీటీ తీసి చూపిస్తే చదివి, రాసింది అడ్డంగా కొట్టేసి పారాసెటమాల్ రాశారు.