ఎకో చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: కుడి జఠరిక ఎందుకు పెరిగింది?

పోయిన పాఠంలో ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్ పరీక్షలో, కొలత నేర్చుకున్నాం: ట్రైకస్పిడ్ కవాటానికి దగ్గర్లో కుడి జఠరిక (ఊపిరితిత్తులకు రక్తం పంపే కింది గది) అడ్డుకొలత 41 మిల్లీమీటర్లు దాటితే పెద్దదైనట్టు. ఇవాళ అసలు చిక్కుముడి. పెద్దదైంది సరే, ఎందుకు?

ముందు మన చేతినే అనుమానించాలి. ఛాతీ మీద పెట్టే ప్రోబ్ కాస్త పక్కకు ఒరిగినా మామూలు జఠరిక లావుగా కనిపిస్తుంది. మళ్లీ కొలవండి. క్రీడాకారుల్లో రెండువైపులా గదులు పెరుగుతాయి కాబట్టి, కుడివైపు ఒక్కటే పెరిగితే ఆటల మీదికి నెట్టేయకండి.

తర్వాత అడ్డుకోతలో రెండు జఠరికల మధ్యగోడను చూడండి. గుండె ముడుచుకున్నప్పుడు కూడా గోడ చదునుగా ఉంటే పీడనం పెరిగినట్టు. ఊపిరితిత్తుల వైపు వెతకాలి. వదులైనప్పుడు మాత్రమే చదునైతే రక్తం ఎక్కువగా వచ్చిపడుతోంది. ఎక్కణ్ణుంచి? ట్రైకస్పిడ్, పల్మనరీ కవాటాల లీకులు రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో దొరికిపోతాయి. కర్ణికల (పై గదుల) మధ్యగోడ నడుమ రంధ్రమైతే పక్కటెముకల కింది నుంచి చూస్తే సాధారణంగా కనబడుతుంది.

ఇవేవీ లేవనుకోండి. చాలా రిపోర్టులు ఇక్కడే 'కారణం తెలియలేదు' అని ముగుస్తాయి. నాకైతే ఆ మాట ఒప్పదు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే నాలుగు పుపుస సిరలూ లెక్కపెట్టారా అన్నది నా మొదటి ప్రశ్న. ఊర్ధ్వ మహాసిర (పై శరీరం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) కర్ణికలో కలిసేచోట, గోడకు పైకొసన ఉండే సైనస్ వీనోసస్ రంధ్రం పెద్దవాళ్లలో ఛాతీ మీది ప్రోబ్‌కు తరచూ చిక్కదు. దాదాపు ఎప్పుడూ దానికి తోడుగా కుడివైపు పై పుపుస సిర దారితప్పి మహాసిరలో కలుస్తుంటుంది. ఒక్కోసారి రంధ్రమే ఉండదు, సిర మాత్రం దారితప్పి ఉంటుంది. అప్పుడు బుడగల సెలైన్ పరీక్ష (చిన్న బుడగలున్న సెలైన్‌ను చేతి సిరలోకి ఎక్కించి, అవి గుండెలో ఎటు వెళ్తాయో చూడటం) పూర్తిగా మామూలుగానే రావచ్చు. దాన్ని నమ్మి ఫైలు మూసేయకండి.

నాలుగు సిరలూ చూపించలేకపోతే అన్నవాహిక ద్వారా ఎకో, లేదా సీటీ, ఎమ్మారై అడగండి. ఎమ్మారైతో రెండు లాభాలు: ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం శరీరానికి వెళ్లేదానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది (1.5 రెట్లు, అంతకు మించితే రంధ్రం మూసే ఆలోచన మొదలవుతుంది), కండర జబ్బు ఆనవాళ్లూ బయటపడతాయి.

ఇంటిపని: కుడి జఠరిక పెరిగింది, కరోనరీ సైనస్ (గుండె కండరం నుంచి వచ్చే రక్తాన్ని కుడి కర్ణికలో కలిపే సిర) కూడా వెడల్పుగా ఉంది. ఎడమ చేతి సిరలో బుడగల సెలైన్ ఎక్కిస్తే ముందు కరోనరీ సైనస్ తెల్లబడింది, ఆ తర్వాతే కుడి కర్ణిక. ఎడమ కర్ణికలోనూ కొన్ని బుడగలు. రంధ్రం ఎక్కడుండొచ్చు? బొమ్మ గీసుకుని ఆలోచించండి. జవాబు 7వ పాఠంలో.